మన్ననూరులో ఒక ఇల్లు కట్టించండి

నాగర్‌కర్నూల్ జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి, మన్ననూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి గారికి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం బాధ్యత చూసే అటవీ అధికారులకు నమస్కరించి రాయునది.

అమ్రాబాద్ పీఠభూమి మీదా, లింగాల వైపు పల్లెల్లోనూ ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన మనిషిని. నేను అడగబోయేది ఒక్కటే. లోతట్టు పెంటల్లో, అంటే అడవి లోపలి చెంచు గూడేల్లో, ఉండే గర్భిణి నెలలు నిండే ముందు భర్తతో, పిల్లలతో, అత్తతో కలిసి వచ్చి మూడు నాలుగు వారాలు ఉండగలిగే ఇల్లు ఒకటి మన్ననూరులో కట్టించండి. కొత్తదే కట్టనక్కరలేదు. ఖాళీగా ఉన్న పాత ప్రభుత్వ భవనాన్ని బాగుచేసి ఇచ్చినా చాలు.

మీ నలుగురికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. పెంటలో ఉన్న గర్భిణి పేరు ఒకరి రిజిస్టరులో ఉంటుంది. ఆమె నడవాల్సిన దారి ఇంకొకరి అనుమతిలో ఉంటుంది. ఆమె ఇంటికి రావాల్సిన పథకం మూడోవారి ఫైలులో ఉంటుంది. విడివిడిగా అడిగితే ఎవరికి వారు ఎంతో మర్యాదగా పక్క ఆఫీసు వైపు చెయ్యి చూపిస్తారు. అందుకని అందరూ ఒకే కాగితం చదవాలని నా కోరిక.

ముందుగా లెక్కల సంగతి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43 అని 2018-20 నమూనా నమోదు సర్వే చెప్పింది. రాష్ట్రం ఏర్పడిన నాడు ఆ సంఖ్య 92. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఈ లెక్కల్లో అబద్ధం లేదు. వీటి వెనుక మా బోటి వాళ్ల కాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి కాబట్టి నాకూ గర్వమే. కాకపోతే అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల, సంగిడిగుండాల, పుల్లాయిపల్లి లాంటి పెంటలు ఈ సగటుల్లో ఎక్కడా కనిపించవు. ఒక్కో పెంటలో ఉండేది కొన్ని పదుల గుడిసెలు. అక్కడి కాన్పులన్నీ ఇళ్లలోనే జరిగినా రాష్ట్రం లెక్కలో దశాంశం కూడా కదలదు. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది: మన రాష్ట్రంలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లు. అవసరం లేకపోయినా కడుపు కోయించుకునే వాళ్లూ, అవసరమైనా కోసే డాక్టరు దాకా రాలేని వాళ్లూ ఒకే జిల్లాలో ఉన్నారు.

ఇక అసలు విషయం. చెంచు తల్లి ఇంట్లోనే కంటే మా నివేదికల్లో ఒక వాక్యం పడుతుంది: ‘కౌన్సెలింగ్ ఇచ్చినా ఆసుపత్రికి రావడానికి నిరాకరించారు.’ ఆ వాక్యం రాయడం తేలిక, పై అధికారి చదివి తల ఊపడం ఇంకా తేలిక. చెంచులకు అడవి మీద మమకారం, మందుల మీద అపనమ్మకం, ఎంత చెప్పినా వినరు అని అందరూ అనుకుంటారు. మీరు ఈ ప్రాంతానికి బదిలీ అయి వచ్చిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు మీకూ ఇదే చెప్పి ఉంటారు. నేను చూసింది వేరు.

ఒక వేసవిలో, మూడో కాన్పు అమ్మాయిని ఆమె అత్త స్వయంగా నచ్చజెప్పి బయలుదేరదీసింది. మొదటి రెండూ గుడిసెలోనే అయ్యాయి. రెండోసారి మాయ పడక చావు అంచుదాకా పోయి వచ్చింది కాబట్టి ఈసారి ఆసుపత్రే అని ఇంటివాళ్లందరూ ఒప్పుకున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు, ఒక బియ్యం మూట, ఒక సత్తు గిన్నె, కార్డు తడవకుండా చుట్టిన ప్లాస్టిక్ కవరు. అంతే వాళ్ల సామాను. అడవి దారిన ఫరహాబాద్ దగ్గర రోడ్డెక్కి, దొరికిన బండి పట్టుకుని ఒక ఆసుపత్రికి చేరారు. అక్కడ పరీక్ష చేసి, ‘ఇంకా పది రోజులు టైముంది, నొప్పులు వచ్చాక రా’ అని పంపేశారు. పంపిన నర్సు చెడ్డదేం కాదు. పడకలు నిండి ఉన్నాయి, నొప్పులు లేని మనిషిని చేర్చుకుంటే రేపు వచ్చే వాళ్లకు చోటుండదు. ఆ రాత్రి వాళ్లు బయట చెట్టు కింద పడుకున్నారు. ఆసుపత్రి భోజనం చేరిన రోగికే గాని, చేర్చుకోని గర్భిణికి పెట్టరు కదా. మర్నాడు పెంటకు తిరిగి వెళ్లిపోయారు. నొప్పులు వారానికి వచ్చాయి, రాత్రిపూట. ఎవరూ ఎక్కడికీ కదలలేదు. బిడ్డ బతికింది, తల్లీ బతికింది, కానీ అందులో మన ఘనత ఏమీ లేదు. ఆ కాన్పు కూడా రిజిస్టరులో ‘నిరాకరించారు’ గడిలోనే చేరింది.

నొప్పులు రానివాళ్లకు ఆసుపత్రిలో చోటు లేదు, నొప్పులు వచ్చినవాళ్లకు పెంట నుంచి దారి లేదు. మన వ్యవస్థ మొత్తం నొప్పులు వచ్చిన గంట చుట్టూ కట్టారు. 108 బండి ఆ గంట కోసమే. ఫోను చేస్తే వస్తుంది, నిజమే. ఫోను చేయాలంటే సిగ్నల్ ఉండాలి, సిగ్నల్ ఉన్న చోటుకు ఎవరో ఒకరు చీకట్లో నడిచి వెళ్లాలి, అది పులులూ ఎలుగుబంట్లూ తిరిగే అడవి. ఆ కబురు అందాక బండి రాళ్ల దారిలో లోపలికి రావాలి, మళ్లీ అదే దారిలో బయటికి పోవాలి. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేస్తారు. అత్యవసర బండిని ఆపరు గాని, ఆ వేళ రోడ్డెక్కి చెయ్యెత్తితే ఆగే బస్సో ఆటోనో ఒక్కటీ ఉండదు. కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే ఆపడానికి మనకుండేది సుమారు రెండు గంటలు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

అందుకే ముందుగా వచ్చి ఉండే ఇల్లు కావాలంటున్నాను. ఇది నేను కనిపెట్టింది కాదు. అవతల ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం పెట్టింది. కొండల మీది ఆడవాళ్లు నెలలు నిండే ముందే దిగి వచ్చి అక్కడ ఉండి, సమయానికి ఆసుపత్రికి వెళ్లి కంటున్నారు. డోలీ కట్టి మోసుకు వచ్చే బాధ వాళ్లకు మనకన్నా ఎక్కువ. వాళ్లకు సాధ్యమైంది మనకు కాకపోవడానికి కారణం కనిపించదు.

కాకపోతే అక్కడి నమూనాను మక్కికి మక్కి దించవద్దని మనవి. వరసగా ఇనుప మంచాలు, గోడ మీద సందర్శకుల వేళలు, గర్భిణి వెంట ఒక్కరికే అనుమతి అని రాసిపెడితే చెంచు అమ్మాయి రెండో రోజే గోడ దూకుతుంది. ఆమె ఒక్కర్తే వచ్చి హాస్టల్ పిల్లలా ఉండదు. పెంటలో వదిలివచ్చిన పిల్లలకు గంజి కాచేదెవరు? మొగుడు తేనెకో, జిగురుకో అడవిలోకి పోతే వారం దాకా రాడు. అందుకే చిన్న చిన్న గదులు కావాలి, ఒక్కో గది ఒక్కో కుటుంబానికి. వాకిట్లో పొయ్యి పెట్టుకునే చోటుండాలి. వండిన భోజనం మీరు పెట్టండి, కానీ పొయ్యి మాత్రం ఉండాల్సిందే. పొయ్యి లేని చోటు చెంచు ఆడవాళ్లకు ఇల్లు కాదు, బస్టాండు. ఏకకాలంలో నాలుగైదు కుటుంబాలకు సరిపోతే చాలు, ఈ పెంటల జనాభాకు అంతకన్నా అక్కరలేదు. ఉన్నన్నాళ్లూ వాళ్ల రేషన్ అక్కడే ఇవ్వండి. మగవాడు ఆ వారాల్లో పోగొట్టుకునే కూలికి ఉపాధి హామీ పని మన్ననూరులోనే చూపించండి.

అచ్చంపేటలోనో నాగర్‌కర్నూల్‌లోనో పెడితే పోదా అని మీలో ఒకరు అడుగుతారు. అక్కడ ఆసుపత్రి దగ్గర, నిజమే. కానీ మన్ననూరు వాళ్లకు తెలిసిన ఊరు. ఐటీడీఏ పనికనో, సరుకు అమ్మడానికనో వచ్చిపోతుంటారు. చుట్టాలున్నారు. కొండ మీదే ఉన్నామన్న ధైర్యం ఉంటుంది. అక్కడి నుంచి అచ్చంపేటకు తారురోడ్డు. నొప్పులు మొదలయ్యాక ఆ ప్రయాణానికి గంట కూడా పట్టదు. గర్భిణుల కోసం నడిచే 102 బండిని ఒకదాన్ని రాత్రిళ్లు ఆ ఇంటి ముందు నిలిపితే సరిపోతుంది.

అటవీ అధికారులు ఇక్కడిదాకా చదివి, మన్ననూరులో కట్టడం మాకు సంబంధం లేని సంగతి అనుకోవచ్చు. సంబంధం ఉంది. నేను అడిగే ఇల్లు లోపలి దారులకు బదులు కాదు. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా తొలగించి, డిస్పెన్సరీకో, అంగన్‌వాడీకో, రోడ్డుకో, టెలిఫోన్ లైనుకో ఇవ్వవచ్చు. అభయారణ్యం కోర్ ఏరియాలో తారు పోయమని నేను అడగడం లేదు. పులి ఉన్న అడవి కాబట్టే ఆ చెంచులు ఇంకా అడవిలో ఉన్నారన్న విషయం నాకూ తెలుసు. ఉన్న మట్టి దారుల్లో వాన కోసిన చోట్ల రాళ్లు పేర్చి, జీపు పోయేలా ఏడాదికోసారి బాగుచేస్తే చాలు. శివరాత్రికి భౌరాపూర్‌లో చెంచుల పండుగ జరిగినప్పుడు ఎన్ని జీపులు లోపలికి వస్తాయో మీకు తెలియంది కాదు. ఆ ఒక్క రోజుకు దారి ఎలా బాగవుతుందో మిగతా రోజులకూ అలాగే బాగవుతుంది.

పెద్దవాళ్లు రాకపోలేదు. 2022 మార్చిలో అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ అప్పాపూర్ దాకా వచ్చి వెళ్లారు. ఆమె స్వయంగా ప్రసూతి వైద్యురాలు. అలాంటి వాళ్లు వచ్చినప్పుడు పెంట శుభ్రమవుతుంది, ఫొటోలు వస్తాయి, వస్తువులు పంచుతారు. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. ఇచ్చిన బండికి మరుసటి నెల పెట్రోలు ఎవరు పోయాలి, పంక్చరైతే ఎవరు వేయించాలి అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

ఇల్లు కట్టినా అందరూ రారు. కొందరికి నొప్పులు ముందే వస్తాయి, కొందరు ఆ సమయానికి ఇంకో పెంటలో ఉంటారు. వాళ్ల మాటేమిటి? కాన్పు తర్వాత రక్తస్రావాన్ని అడ్డుకునే మిసోప్రొస్టాల్ మాత్రలు ఉన్నాయి. ఆసుపత్రికి చేరలేని ప్రాంతాల్లో గర్భిణులకు వీటిని ఎనిమిదో నెలలోనే ముందుగా చేతికివ్వవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2013లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బిడ్డ బయటికి వచ్చాక, కడుపులో రెండో బిడ్డ లేదని చూసుకున్న తర్వాత 600 మైక్రోగ్రాములు మింగాలి. మూడు మాత్రలు, అంతే. ‘ఇస్తే ఇంట్లోనే కంటారు’ అని భయపడి మనవాళ్లు ఇవ్వరు. ఇవ్వకపోయినా ఇంట్లోనే కంటున్నారు, అదీ మాత్రలు లేకుండా. ఆ మాత్రలు ఎప్పుడు మింగాలో, ఎప్పుడు మింగకూడదో పెంటలో కాన్పులు చూసే ముసలమ్మలకు నేర్పండి. వాళ్లను మనం శిక్షణ లేనివాళ్లుగా పక్కన పెట్టాం. చీకట్లో ఆ గుడిసెలో ఉండేది మాత్రం వాళ్లే.

రక్తం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పాతరోజుల్లో హిమోగ్లోబిన్ కొలవడానికి మా దగ్గర సాహ్లీ గొట్టం ఉండేది. వేలి నుంచి తీసిన రక్తపు బొట్టును ఆసిడ్‌లో వేసి, చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ, పక్కనున్న గాజు కడ్డీ రంగుకు సరిపోయేదాకా చూడాలి. గుడిసె లోపల వెలుతురు చాలదు కాబట్టి ఇప్పచెట్టు కిందికి వచ్చి, గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి పట్టుకునేదాన్ని. చెంచు ఆడవాళ్ల రక్తంలో నీళ్లు ఎక్కువ చుక్కలు కలిపే పని పడేది కాదు. మొదటి చుక్కలకే రంగు పలచబడి కడ్డీతో కలిసిపోయేది. అక్కడే అర్థమయ్యేది, ఈ మనిషి ఒక గ్లాసెడు రక్తం పోయినా తట్టుకోలేదని. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి, 7 కన్నా తగ్గితే ప్రమాదం. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రం మొత్తానికే సగానికి పైగా గర్భిణుల్లో రక్తహీనత తేలింది. ఇక పెంట సంగతి ఊహించుకోవచ్చు.

దీనికి పథకాలు లేకపోలేదు. 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. 2022 డిసెంబరులో తొమ్మిది జిల్లాల్లో మొదలైన న్యూట్రిషన్ కిట్‌లో నెయ్యి, ఖర్జూరాలు, ఐరన్ సిరప్ ఇచ్చారు. ఆ తొమ్మిదిలో నాగర్‌కర్నూల్ ఒకటి. ఇచ్చిన వాళ్ల ఆలోచన మెచ్చుకోవాల్సిందే. కానీ అంగన్‌వాడీ లేని పెంటలో రోజుకో గుడ్డు తినాలంటే కోడి ఉండాలి. ఉన్న కోడి గుడ్డు పిల్లవాడు తింటాడు, తల్లి తినదు. నెలకు సరిపడా సరుకు ఒకేసారి ఇస్తే మొదటి వారంలోనే ఇల్లంతా పంచుకుని తినేస్తుంది, అది వాళ్ల నీతి. మనం దాన్ని తప్పు పట్టలేం. మన్ననూరు ఇంట్లో ఆ మూడు నాలుగు వారాలు తల్లి కళ్ల ముందు తింటుంది, అవసరమైతే ఐరన్ సుక్రోజ్ అనే ఇనుము మందును సెలైన్‌లో ఎక్కించవచ్చు. నేను ఆ ఇంటి కోసం ఇంత పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

కాన్పు గదిలో మాటతీరు గురించి కూడా రెండు ముక్కలు. చెంచు స్త్రీ మోకాళ్ల మీద కూర్చునో, తాడు పట్టుకునో కంటుంది. మన టేబుల్ మీద కాళ్లు పైకెత్తి కట్టినట్టు పడుకోబెడితే సగం ధైర్యం అక్కడే పోతుంది. తల్లికి నచ్చిన భంగిమలో కననివ్వాలనీ, తనవాళ్లు ఒకరు పక్కన ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. కేంద్రం 2017లో తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం కూడా మర్యాదగా చూడమనే చెబుతుంది. తెలంగాణ 2017 నుంచే మిడ్‌వైఫ్‌లకు ప్రత్యేక శిక్షణ ఇస్తున్న రాష్ట్రం. అలా నేర్చిన ఒకరిద్దరిని ఈ కొండ కింద ఆసుపత్రికి వేయండి. ‘స్నానం చేసి వచ్చావా’ అనే మాట వినిపించకపోతే చాలు, ఆ అమ్మాయి రెండో కాన్పుకు తనంత తానే వస్తుంది. ఒకసారి చిన్నబుచ్చుకుని వెళ్లిన మనిషి తను రాకపోవడమే కాదు, పది పెంటలకు చెబుతుంది.

బిడ్డ పుట్టాక మనకు ఉత్సాహం తగ్గిపోతుంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో పుడితే ఏడుసార్లు వెళ్లాలి. వెయ్యి జనాభాకు ఒక ఆశా అనే లెక్క మైదానానిది. గిరిజన ప్రాంతాల్లో ఆవాసానికి ఒకరిని పెట్టుకునే వెసులుబాటు నియమాల్లోనే ఉంది. ఇక్కడ దాన్ని పూర్తిగా వాడండి. పదో తరగతి పాసైన చెంచు అమ్మాయి దొరకలేదని పోస్టు ఖాళీగా ఉంచే కన్నా, చదవడం రాయడం వచ్చిన పిల్లను తీసుకుని మీరే చదివించండి. ఒకప్పుడు ఐటీడీఏ ప్రాంతాల్లో సామాజిక ఆరోగ్య కార్యకర్తలుగా అలాంటి వాళ్లే పనిచేశారు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఆసుపత్రి కాన్పుకు జననీ సురక్ష పథకం కింద తల్లికి ఇచ్చే 700 రూపాయలకు ఆధార్, బ్యాంకు ఖాతా, పేరులో అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన్ననూరు ఇంట్లో ఉన్న వారాల్లోనే ఒక గుమస్తాను కూర్చోబెట్టి ఆ కాగితాలన్నీ పూర్తి చేయించండి. పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రం ఆ ఇంటి నుంచే తల్లి చేతికి రావాలి.

దేవరకొండ, చందంపేట తండాల గురించి ఎందుకు రాయలేదని నల్లగొండ వైపు మిత్రులు అడుగుతారు. అక్కడి సమస్య వేరు. అక్కడ రోడ్డుంది, ఆసుపత్రి ఉంది. బాధ ఆడబిడ్డ పుట్టాక మొదలవుతుంది. 1999, 2001లలో దత్తత పేరుతో లంబాడా ఆడశిశువులను అమ్మిన వ్యవహారం దేశమంతా విన్నది. దాన్ని ఇందులో కలిపితే రెండింటికీ న్యాయం జరగదు.

కలెక్టర్ గారికి విడిగా ఒక మాట. మాతృమరణాల మీద జిల్లా స్థాయిలో మీ అధ్యక్షతన సమీక్ష జరగాలి, చనిపోయిన తల్లి బంధువులను కూడా ఆ సమావేశానికి పిలిచి వినాలి. ఇది నియమమే, నా కోరిక కాదు. చెంచు పెంటలో తల్లి చనిపోయిన ప్రతిసారీ ఆమె అత్తనో అక్కనో ఆ గదికి తీసుకురండి, వాళ్ల రానుపోను ఖర్చు పెట్టుకోండి, పక్కన చెంచు ఆశాను కూర్చోబెట్టండి. అధికారులు మాట్లాడక ముందు ఆమెను మాట్లాడనివ్వండి. ఎక్కడ ఎంతసేపు ఆగిందో ఆమెకు గంటలతో సహా గుర్తుంటుంది.

ఇల్లు ఎలా ఉండాలో తేల్చడానికి మొదటి గ్రామసభ అప్పాపూర్‌లో పెట్టండి. వానలు మొదలై వాగులు పొంగే లోపు, అంటే జూన్‌కు ముందే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున పెట్టి, ఆడవాళ్లెవరూ రాలేదని మినిట్స్‌లో రాసుకోవద్దు. ఆ వేళకు వాళ్లు పువ్వు ఏరుకుంటూ ఉంటారు. పొద్దు వాలాక పెట్టండి, గర్భిణులను కూర్చోబెట్టే నీడ చూడండి, గదుల ప్లాను కాగితం మీద కాకుండా నేల మీద ముగ్గుతో గీయించండి. పొయ్యి ఎక్కడుండాలో వాళ్లే చెబుతారు. కబురు చేస్తే నేనూ వస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఏఎన్ఎం,
అచ్చంపేట